పెండేకంటి వెంకటసుబ్బయ్య (1921–1993)

పెండేకంటి వెంకటసుబ్బయ్య రాయలసీమకు చెందిన కాంగ్రెసు నాయకుడు, పార్లమెంటు సభ్యుడు, కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి, బీహారు, కర్ణాటక రాష్ట్రాల గవర్నరు. 1957, 1962 సార్వత్రిక ఎన్నికలలో ఆదోని నుంచి, 1967, 1971, 1980 ఎన్నికలలో నంద్యాల నుంచి ఈయన లోక్‌సభకు గెలిచారు. మూడు దశాబ్దాలకు పైబడిన ఈ ప్రజాజీవితంలో శాసనసభలూ న్యాయస్థానాలూ నేటికీ ప్రస్తావించుకొనేది 1989 ఏప్రిల్ 19, 20 తేదీలలో కర్ణాటక గవర్నరు హోదాలో ఈయన రాష్ట్రపతికి పంపిన రెండు నివేదికలను. వాటి ఆధారంగా ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై మంత్రివర్గం రద్దు కావడం, ఆ రద్దుపై నడిచిన వ్యాజ్యంలో 1994లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పడం భారత కేంద్ర రాష్ట్ర సంబంధాల చరిత్రలో ఒక మలుపుగా నిలిచాయి.

జన్మస్థలం, ప్రాంత నేపథ్యం

వెంకటసుబ్బయ్య 1921 జూన్ 18న కర్నూలు జిల్లా సంజామలలో జన్మించారు. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది పారే నల్లరేగడి సీమలో, కోవెలకుంట్లకూ బనగానపల్లెకూ చేరువలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి వచ్చింది.

ఈ చుట్టుపక్కల పల్లెలు ఒక్క ఏలుబడి కింద పెరిగినవి కావు. కోవెలకుంట్ల ప్రాంతం 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్త మండలాలలో భాగమై, మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలు జిల్లాలో చేరింది. కర్నూలు నవాబుల పాలన 1839లోనే అంతరించగా, పక్కనున్న బనగానపల్లె మాత్రం 1948లో విలీనమయ్యే దాకా నవాబు సంస్థానంగానే కొనసాగింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుదారులు దాడి చేసిన ఖజానా కోవెలకుంట్లదే. 1847 ఫిబ్రవరి 22న కంపెనీ ప్రభుత్వం ఆయనను ఉరితీసిందీ అక్కడే.

ఇరవయ్యో శతాబ్దంలో నంద్యాల పేరు రాజకీయ చరిత్రకెక్కినది 1928 నవంబరులో, అక్కడ జరిగిన దత్త మండలాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అనే పేరు ప్రతిపాదించినప్పుడు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన భూమి అన్న అర్థం వచ్చే ‘దత్త మండలాలు’ అనే పేరు అప్పటి నుంచి క్రమంగా వాడుక తప్పింది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక, 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటం, 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోవడం వెంకటసుబ్బయ్య తరం నాయకుల కళ్లెదుట జరిగినవే. రాజధాని తరలిన మరుసటి ఏడాదే ఆయన తొలిసారి లోక్‌సభలో అడుగుపెట్టారు. (చూ. శ్రీబాగ్ ఒడంబడిక, దత్త మండలాలు.)

నంద్యాల లోక్‌సభ స్థానం

లోక్‌సభ స్థానం అంటే ఒక పార్లమెంటు సభ్యుణ్ణి ఎన్నుకొనే భూభాగం. జనాభా లెక్కలను బట్టి పునర్విభజన సంఘం దాని హద్దులు గీస్తుంది. నంద్యాల స్థానం 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలోనే ఉంది. అప్పుడు స్వతంత్ర అభ్యర్థి రాయసం శేషగిరిరావు గెలిచారు. తరువాతి రెండు ఎన్నికలలో ఆ పేరుతో స్థానం లేదు, ఆదోని స్థానం ఉంది. 1967లో నంద్యాల తిరిగి పటంలోకి వచ్చింది, ఆదోని తొలగింది. వెంకటసుబ్బయ్య ఆదోని నుంచి నంద్యాలకు మారడానికి ఇదే నేపథ్యం. ప్రస్తుతం ఈ స్థానంలో ఆళ్లగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు, పాణ్యం, నంద్యాల, బనగానపల్లె, డోన్ అనే ఏడు శాసనసభా నియోజకవర్గాలున్నాయి.

వీటిలో ఆళ్లగడ్డ స్వరూపం వేరు. అహోబిలం నరసింహక్షేత్రానికి దారి, రాతిశిల్పుల పని కొట్టాలకు పేరు అయిన ఈ పట్టణం, జిల్లా రాజకీయాలలో గంగుల, భూమా కుటుంబాల పోటీకి కేంద్రం. 1991లో నంద్యాల నుంచి గెలిచిన గంగుల ప్రతాపరెడ్డి, అప్పటికి పార్లమెంటు సభ్యుడు కాని ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు కోసం స్థానం ఖాళీ చేశారు. తెలుగువాడైన తొలి ప్రధానిపై పోటీ పెట్టరాదని తెలుగుదేశం పార్టీ నిర్ణయించడంతో, ఆ ఏడాది నవంబరు ఉప ఎన్నికలో నరసింహారావు 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు; ఆ కాలానికి అది ప్రపంచ రికార్డు. 1996లో ఆయన మళ్లీ ఇక్కడ గెలిచినా, ఒడిశాలోని బరంపురాన్ని ఉంచుకొని నంద్యాలను వదులుకోగా, ఉప ఎన్నికలో ఆళ్లగడ్డకు చెందిన భూమా నాగిరెడ్డి నెగ్గారు. తరువాత రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డినీ, ప్రధాని నరసింహారావునూ లోక్‌సభకు పంపిన స్థానం కావడంతో నంద్యాల పేరు చెప్పగానే ఆ ఇద్దరే గుర్తుకొస్తారు. మూడు సార్వత్రిక ఎన్నికలలో అక్కడి నుంచే గెలిచిన స్థానికుడు వెంకటసుబ్బయ్య వారి నీడన పడిపోయారు.

లోక్‌సభ సభ్యత్వం, 1957–1977

ముప్పై అయిదేళ్ల వయసులో, 1957లో, వెంకటసుబ్బయ్య కాంగ్రెసు అభ్యర్థిగా ఆదోని నుంచి రెండవ లోక్‌సభకు, 1962లో అక్కడి నుంచే మూడవ లోక్‌సభకు ఎన్నికయ్యారు. పత్తి వ్యాపారానికి పేరుపడిన ఆదోని ఒకవైపు కన్నడ సరిహద్దును ఆనుకొని ఉండగా, కుందూ పరీవాహకంలోని నంద్యాల జొన్న, పత్తి, శనగ పండే మెట్టకూ కర్నూలు–కడప కాలువ కింది వరి మాగాణికీ కూడలి. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ నౌకాయానం కూడా లాభిస్తుందని తవ్వించి, నష్టపోయి, 1882లో ప్రభుత్వానికి అప్పగించిన ఈ కాలువ నీటి పంపకం నంద్యాల ప్రాంతపు ప్రతినిధి ఎవరైనా తప్పించుకోలేని సమస్య. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టు కూడా వెంకటసుబ్బయ్య పార్లమెంటు జీవితపు కాలానిదే.

ఈ విజయాలకు ఒక సామాజిక కోణం ఉంది. కర్నూలు జిల్లా పల్లెల రాజకీయంలో భూమి, అనుచరగణం ఉన్న రెడ్డి కుటుంబాలదే పైచేయి. ఊళ్లమీద పట్టుకోసం సాగే ఆ పోరును ‘ఫ్యాక్షన్’ అనడం తెలుగువారందరికీ అలవాటైంది. అటువంటి చోట ఆర్యవైశ్యుడైన వెంకటసుబ్బయ్య పదే పదే లోక్‌సభకు నెగ్గడానికి ఆ రోజుల్లో కాంగ్రెసు గుర్తుకున్న బలం ఒక కారణం. ఏ వర్గానికీ శత్రువు కాని అభ్యర్థి అనేక వర్గాలకు ఆమోదయోగ్యుడు కావడం మరొక కారణమని భావించవచ్చు. శాసనసభ స్థానం కోసం ప్రాణాలకు తెగించే వర్గాలు లోక్‌సభ స్థానాన్ని మూడో మనిషికి వదలడం ఆ తరం రాయలసీమలో అరుదేమీ కాదు.

1969లో కాంగ్రెసు చీలినప్పుడు వెంకటసుబ్బయ్య ఇందిరాగాంధీ పక్షాన నిలిచి, 1971 మధ్యంతర ఎన్నికలలో ఆ పక్షం తరఫునే నంద్యాలలో గెలిచారు. ఆ చీలికకు తక్షణ కారణం రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డి అభ్యర్థిత్వం. ఎనిమిదేళ్ల తరువాత సంజీవరెడ్డి, వెంకటసుబ్బయ్య నంద్యాలలోనే ఎదురుపడ్డారు.

1977 ఎన్నిక

అత్యవసర పరిస్థితి తరువాత 1977 మార్చిలో జరిగిన ఎన్నికలలో ఉత్తర భారతమంతటా ఓడిపోయిన కాంగ్రెసు, ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకుగాను 41 గెలుచుకుంది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ అభ్యర్థి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి వెంకటసుబ్బయ్యను ఓడించారు. సంజీవరెడ్డి మార్చి 26న లోక్‌సభ స్పీకరుగా ఎన్నికై, జూలై 13న ఆ పదవికి రాజీనామా చేసి, పోటీ లేకుండా గెలిచి, జూలై 25న రాష్ట్రపతిగా ప్రమాణస్వీకారం చేశారు. నంద్యాల ఓటర్లు ఎన్నుకున్న సభ్యుడు నాలుగు నెలలు తిరక్కుండానే వారికి దూరమైపోయారు.

1980 జనవరిలో జరిగిన మధ్యంతర ఎన్నికలలో వెంకటసుబ్బయ్య కాంగ్రెసు (ఐ) అభ్యర్థిగా నంద్యాలలో గెలిచి ఏడవ లోక్‌సభలో ప్రవేశించారు.

కేంద్ర సహాయ మంత్రిగా

ఇందిరాగాంధీ చివరి ప్రభుత్వంలో వెంకటసుబ్బయ్య హోంశాఖలోనూ పార్లమెంటరీ వ్యవహారాల విభాగంలోనూ సహాయ మంత్రిగా పనిచేశారు. కేంద్ర మంత్రిమండలిలో క్యాబినెట్ మంత్రులు విధాన నిర్ణయాలు చేస్తే, వారి కింది మెట్టున ఉండే సహాయ మంత్రులు శాఖలో తమకు అప్పగించిన భాగాన్ని చూసుకుంటారు, సభలో ప్రశ్నలకు జవాబిస్తారు, శాఖ కాగితాలను సభ ముందుంచుతారు. పార్లమెంటరీ వ్యవహారాల బాధ్యత తోడైతే, ఏ బిల్లు ఏ రోజు చర్చకు రావాలన్నది ప్రతిపక్షాలతో మాట్లాడి కుదర్చడం, ఓటింగు వేళకు సొంత పక్షం సభ్యులను సభలో ఉంచడం కూడా పనిలో చేరతాయి. పత్రికల పతాక శీర్షికలకెక్కని పని ఇది. కానీ సభా సంప్రదాయాల మీద దీర్ఘానుభవం లేనివారు చేయలేనిది. సభలో బలం లెక్కపెట్టడమే వృత్తిగా ఆ ఏళ్లు గడిపిన మనిషి పేరు, తరువాత సభలో బలం లెక్కపెట్టనివ్వలేదన్న వివాదానికి ముడిపడటం విచిత్రం.

ఆ కాలంలో హోంశాఖ ముందున్న సమస్యలు చిన్నవి కావు. 1980లో జాతీయ భద్రతా చట్టం, 1981లో అత్యవసర సేవల నిర్వహణ చట్టం వచ్చాయి. అస్సాం ఆందోళన 1983 నాటికి పరాకాష్ఠకు చేరింది. అదే ఏడాది అక్టోబరులో పంజాబులో రాష్ట్రపతి పాలన విధించారు. జైల్‌సింగ్, ఆర్. వెంకటరామన్, పి.సి. సేఠీ, పి.వి. నరసింహారావు వరుసగా హోంమంత్రులయ్యారు.

ఆ ప్రభుత్వ నిర్ణయాలలో వెంకటసుబ్బయ్య తరువాతి జీవితంతో ముడిపడినది ఒకటుంది. కేంద్ర రాష్ట్ర సంబంధాల సమీక్ష కోసం 1983లో జస్టిస్ ఆర్.ఎస్. సర్కారియా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. 1988లో వెలుగుచూసిన ఆ సంఘం నివేదిక, గవర్నరు ఇటీవలి రాజకీయాలలో మునిగితేలినవారు కాకూడదనీ, కేంద్రంలో అధికారంలో ఉన్న పార్టీ నాయకుణ్ణి వేరే పార్టీ పాలించే రాష్ట్రానికి గవర్నరుగా పంపడం మంచిది కాదనీ, మంత్రివర్గానికి మెజారిటీ ఉందో లేదో శాసనసభలోనే తేలాలనీ సూచించింది. (చూ. సర్కారియా కమిషన్.)

1982 మార్చి 29న ఎన్.టి. రామారావు స్థాపించిన తెలుగుదేశం పార్టీ మరుసటి జనవరిలోనే వెంకటసుబ్బయ్య సొంత రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో అధికారానికి వచ్చింది. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ రామారావును ముఖ్యమంత్రి పదవి నుంచి తొలగించడం, నెల తిరిగేసరికి ప్రజాగ్రహం ముందు కేంద్రం వెనక్కి తగ్గి ఆయనకే పదవి దక్కడం తెలుగువారికి గవర్నరు అధికారం అంటే ఏమిటో ఇంటి గుమ్మంలో చూపించిన సంఘటన. ఆ డిసెంబరులో ఇందిరాగాంధీ హత్యానంతర సానుభూతి గాలి దేశమంతా వీచినా ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 30 లోక్‌సభ స్థానాలు గెలిచింది. వాటిలో నంద్యాల ఒకటి, విజేత మద్దూరు సుబ్బారెడ్డి. దానితో వెంకటసుబ్బయ్య ఎన్నికల జీవితం ముగిసి రాజ్‌భవన్ జీవితం మొదలైంది.

గవర్నరు పదవి స్వరూపం

అమెరికాలో రాష్ట్ర గవర్నరును ఆ రాష్ట్ర ప్రజలే ఎన్నుకుంటారు. భారత రాజ్యాంగ ముసాయిదాలో కూడా తొలుత ఎన్నిక పద్ధతి పరిశీలనలో ఉండగా, ఎన్నికైన గవర్నరుకూ ఎన్నికైన ముఖ్యమంత్రికీ పొత్తు కుదరదన్న వాదంతో 1949లో రాజ్యాంగ సభ నియామక పద్ధతిని ఎంచుకుంది. 155వ అధికరణం ప్రకారం గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. 156వ అధికరణం ప్రకారం పదవీకాలం ఐదేళ్లే అయినా రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలమే అది సాగుతుంది. రాష్ట్రపతి ఇష్టం అంటే ఆచరణలో కేంద్ర మంత్రివర్గం ఇష్టమే కాబట్టి, రాష్ట్రానికి రాజ్యాంగ అధిపతిగానూ కేంద్రానికి కళ్లుగానూ ఒకే వ్యక్తి వ్యవహరించవలసి వస్తుంది.

బీహారులో, 1985–1988

1985 మార్చి 15న వెంకటసుబ్బయ్య బీహారు గవర్నరయ్యారు. రాష్ట్రంలో బిందేశ్వరీ దూబే నాయకత్వాన కాంగ్రెసు మంత్రివర్గమే ఉండటంతో రాజ్‌భవన్‌కూ ప్రభుత్వానికీ ఘర్షణ తలెత్తే సందర్భం తక్కువ.

ఆయన పాట్నాలో ఉండగా, 1986 డిసెంబరు 20న, డి.సి. వాధ్వా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. శాసనసభ సమావేశంలో లేనప్పుడు అత్యవసరానికి గవర్నరు జారీ చేసే తాత్కాలిక శాసనాన్ని ఆర్డినెన్సు అంటారు. 213వ అధికరణం ప్రకారం సభ తిరిగి కూడిన ఆరు వారాలకు దాని ఆయుష్షు తీరుతుంది. బీహారులో మాత్రం సభ ముందు పెట్టకుండానే గడువు తీరినదాన్ని మళ్లీ మళ్లీ జారీ చేస్తూ వచ్చారు. పుణె గోఖలే సంస్థ ఆచార్యుడు వాధ్వా 1967–1981 మధ్య అలా వెలువడిన 256 ఆర్డినెన్సులను లెక్కగట్టారు. కొన్ని పద్నాలుగేళ్ల దాకా బతికాయి. ఇది రాజ్యాంగాన్ని వంచించడమేనని ధర్మాసనం తేల్చింది. ఆ 256 ఆర్డినెన్సులూ వెంకటసుబ్బయ్య రాకకు ముందువే కనుక ఆ తప్పు ఆయనకు అంటగట్టదగినది కాదు. శాసనసభను పక్కనబెట్టి రాజ్‌భవన్ సంతకంతో పని జరిపించడం తగదన్న సూత్రం ఆయన పదవీకాలంలో, ఆయన కూర్చున్న పీఠాన్ని ఉద్దేశించే వెలువడిందన్నది మాత్రం వాస్తవం.

కర్ణాటకలో, 1988–1990

1988 ఫిబ్రవరి 26న ఆయన బెంగళూరుకు బదిలీ అయ్యారు. అక్కడి పరిస్థితి పాట్నాకు పూర్తిగా భిన్నం. 1985లో జనతా పార్టీ స్పష్టమైన ఆధిక్యంతో గెలిచి రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రిగా పాలిస్తోంది. టెలిఫోన్ సంభాషణలను చాటుగా విన్నారన్న ఆరోపణపై హెగ్డే 1988 ఆగస్టులో రాజీనామా చేయగా, ఆగస్టు 13న ఎస్.ఆర్. బొమ్మై ముఖ్యమంత్రి అయ్యారు. జనతా పార్టీ, లోక్‌దళ్ పక్షాలు కలిసి జనతాదళ్‌గా మారిన క్రమంలో లోపలి కలతలు పెరిగాయి.

1989 ఏప్రిల్ 15న బొమ్మై మరో 13 మందిని మంత్రివర్గంలో చేర్చుకున్నారు. పదవులు దక్కనివారి అసంతృప్తి వెంటనే బయటపడింది. రెండు రోజులకే కె.ఆర్. మొలకేరి అనే శాసనసభ్యుడు, తాను పార్టీ వీడుతున్నట్టు లేఖతో పాటు, ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరిస్తున్నట్టు 19 మంది సభ్యుల సంతకాలున్న లేఖలను గవర్నరుకు అందజేశారు. వెంకటసుబ్బయ్య శాసనసభ సచివాలయం అధికారిని పిలిపించి సంతకాలు నిజమైనవేనా అని సరిచూయించారు. ఆ సభ్యులను మాత్రం ఎదుట కూర్చోబెట్టుకొని మాట్లాడలేదు. ఏప్రిల్ 19న ఆయన రాష్ట్రపతికి మొదటి నివేదిక పంపారు: పార్టీలో చీలికలు వచ్చాయి, 19 లేఖల దృష్ట్యా ముఖ్యమంత్రికి మెజారిటీ లేదు, మరో పార్టీ ప్రభుత్వం ఏర్పాటు చేయగల స్థితిలో లేదు, కాబట్టి రాష్ట్రపతి పాలనకు వీలిచ్చే 356వ అధికరణం కింద చర్య తీసుకోవాలి అన్నది దాని సారాంశం.

మరునాడు పరిస్థితి మలుపు తిరిగింది. లేఖలు రాసిన 19 మందిలో ఏడుగురు తమ సంతకాలు మభ్యపెట్టి తీసుకున్నారని, తాము ప్రభుత్వం వైపే ఉన్నామని గవర్నరుకు రాశారు. బొమ్మై, ఆయన న్యాయశాఖ మంత్రి అదే రోజు రాజ్‌భవన్‌కు వెళ్లి, ఏప్రిల్ 27న శాసనసభ కూడనున్నదనీ, కావాలంటే ఇంకా ముందుకు జరిపి సభలోనే బలం నిరూపించుకుంటామనీ చెప్పారు. రాష్ట్రపతికీ ఆ మేరకు టెలెక్స్ సందేశం పంపారు. గవర్నరు ఆ ఏడు లేఖలను ప్రస్తావిస్తూనే, ముఖ్యమంత్రి విశ్వాసం కోల్పోయారన్న మునుపటి అభిప్రాయాన్నే తిరిగి చెబుతూ అదే రోజు రెండవ నివేదిక పంపారు. ఏప్రిల్ 21న రాష్ట్రపతి ప్రకటన వెలువడి మంత్రివర్గం, శాసనసభ రెండూ రద్దయ్యాయి. సభ కూడవలసిన రోజుకు ఇంకా ఆరు రోజులున్నాయి.

నవంబరు ఆఖరు దాకా రాష్ట్రం రాష్ట్రపతి పాలనలో ఉంది. ఆ నవంబరు ఎన్నికలలో కాంగ్రెసు ఘనవిజయం సాధించగా వీరేంద్ర పాటిల్ ముఖ్యమంత్రి అయ్యారు. కేంద్రంలో మాత్రం కాంగ్రెసు ఓడి, డిసెంబరులో వి.పి. సింగ్ ప్రభుత్వం వచ్చి, గవర్నర్లందరినీ రాజీనామా చేయవలసిందిగా కోరింది. 1990 ఫిబ్రవరి 5తో వెంకటసుబ్బయ్య పదవీకాలం ముగిసింది.

356వ అధికరణం, బొమ్మై తీర్పు

రాష్ట్రంలో రాజ్యాంగం ప్రకారం పాలన సాగని స్థితి ఏర్పడిందని గవర్నరు నివేదిక వల్ల గాని మరోలా గాని రాష్ట్రపతి సంతృప్తి చెందితే, ఆ రాష్ట్ర పాలనను కేంద్రం చేతికి తెచ్చే ప్రకటన జారీ చేయడానికి 356వ అధికరణం వీలిస్తుంది. ప్రకటనను రెండు నెలలలోగా పార్లమెంటు ఉభయ సభలు ఆమోదించాలి. ఆమోదం ఒక్కోసారి ఆరు నెలల వంతున, మొత్తం మీద మూడేళ్లకు మించకుండా సాగుతుంది. ఇది అరుదుగానైనా వాడవలసిన అవసరం రాకూడదని అంబేడ్కర్ రాజ్యాంగ సభలో ఆశించారు. 1994 నాటికి దాన్ని తొంభైకి పైగా సార్లు వాడారు. ఆంధ్ర రాష్ట్రం 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం పడిపోయినప్పుడు, ఆంధ్రప్రదేశ్ 1973లో జై ఆంధ్ర ఉద్యమ కాలంలో దాన్ని చవిచూశాయి.

రద్దును సవాలు చేస్తూ బొమ్మై వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు ప్రత్యేక ధర్మాసనం 1989లోనే కొట్టివేసింది. అంటే గవర్నరు చర్య తొలి న్యాయపరీక్షలో నెగ్గింది. అప్పీలు సుప్రీంకోర్టుకు చేరి, నాగాలాండ్, మేఘాలయ రద్దులతోనూ, బాబ్రీ మసీదు కూల్చివేత తరువాత 1992 డిసెంబరులో రద్దయిన మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాల వ్యాజ్యాలతోనూ కలిసి తొమ్మిది మంది న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. వారిలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, జస్టిస్ కె. రామస్వామి తెలుగువారు.

1994 మార్చి 11 నాటి తీర్పు కర్ణాటక, మేఘాలయ, నాగాలాండ్ ప్రకటనలను రాజ్యాంగవిరుద్ధమని నిర్ణయించి, మిగిలిన మూడింటిని లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమన్న కారణం మీద సమర్థించింది. మంత్రివర్గం బలం ఏ ఒక్కరి సొంత అంచనాకూ వదిలేది కాదనీ, ఆ ఒక్కరు గవర్నరైనా రాష్ట్రపతి అయినా సరే, సభలోనే తేలాలనీ అది స్థిరపరచింది. ప్రకటన వెనకున్న ఆధారాలను న్యాయస్థానం పరిశీలించవచ్చుననీ, ఉభయ సభల ఆమోదం రాకముందు శాసనసభను రద్దు చేయరాదనీ, ప్రకటన చెల్లదని తేలితే పాత ప్రభుత్వాన్ని తిరిగి నిలబెట్టే అధికారం కోర్టుకు ఉందనీ చెప్పింది. కర్ణాటకలో మధ్యలో ఎన్నికలు జరిగిపోయినందున బొమ్మై ప్రభుత్వానికి మాత్రం ఆ ఊరట దక్కలేదు.

ఈ సూత్రం ప్రభావం తరువాతి దశాబ్దాలలో స్పష్టం. 2016లో ఉత్తరాఖండ్, 2018లో కర్ణాటక, 2019లో మహారాష్ట్ర వివాదాలలో సుప్రీంకోర్టు తేదీ నిర్ణయించి మరీ సభలో బలపరీక్ష జరపమంది. (చూ. రాష్ట్రపతి పాలన, ఫిరాయింపుల నిరోధక చట్టం.)

మూల్యాంకనం

వెంకటసుబ్బయ్య చర్యను సమర్థించేవారికి చెప్పడానికి కొంత ఉంది. చేతిలో సంతకాలున్న లేఖలున్నాయి, సంతకాలు సరిచూయించారు. నివేదిక పంపడం వరకే గవర్నరు పని, ప్రకటన నిర్ణయం కేంద్ర మంత్రివర్గానిది. అంతకుముందు అనేక రాష్ట్రాలలో అనేకమంది గవర్నర్లు ఇంతకన్న తక్కువ ఆధారంతో ఇదే చేశారు. తప్పుబట్టేవారి వాదనకు ప్రధాన బలం తేదీలే. పంతొమ్మిది మందిలో ఏడుగురు మాట మార్చుకున్నారని రాజ్‌భవన్‌కు తెలిసిన రోజునే రెండవ నివేదిక వెళ్లింది, సభకు వారం గడువే ఉంది. లేఖల లెక్క ఒక్క రోజులో పంతొమ్మిది నుంచి పన్నెండుకు పడిపోయిందంటే, కాగితం మీద లెక్క ఎంత నిలకడలేనిదో ఆ లేఖలే చూపాయి. రెండు వాదాలను తూచితే, ఆయన నాటి వాడుకను పాటించారు, ఆ వాడుకే తప్పు అన్న చోటికి చేరుకోవలసి వస్తుంది.

విద్యాసంస్థలు

రాజకీయాలకు వెలుపల ఆయన పేరు నిలిచినది విద్యారంగంలో. ఆయన నాయకత్వాన వాసవీ అకాడమీ ఆఫ్ ఎడ్యుకేషన్ 1981లో హైదరాబాదులో వాసవీ ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఇంజనీరింగు విద్య వేళ్లూనుకుంటున్న తొలి రోజులవి. పెండేకంటి న్యాయ కళాశాల, పెండేకంటి మేనేజ్‌మెంట్ సంస్థ ఆయన ఇంటిపేరుతో అదే నగరంలో నడుస్తున్నాయి. ఆయన నివేదికలతో మొదలైన బొమ్మై వ్యాజ్యం రాజ్యాంగ శాస్త్రం చదివే ఏ న్యాయ విద్యార్థికైనా పాఠ్యాంశమే.

మరణం

వెంకటసుబ్బయ్య 1993 అక్టోబరు 12న మరణించారు. ఆయన రెండు నివేదికలపై సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది ఆ తరువాత ఐదు నెలలకు.